ఉప్పుగూడలో సరస్వతి ఆకు

ఉప్పుగూడ వెళ్లదలచినవారికి ముందుగా ఒక హెచ్చరిక. కాచిగూడలో బండెక్కితే మలక్‌పేట, డబీర్‌పురా, యాకుత్‌పురా దాటగానే వచ్చే స్టేషనును రైల్వేవారు ‘హుప్పుగూడ’ అంటారు. అది మరేదో అనుకొని ఫలక్‌నుమా దాకా పోకండి. పేట అదే! మహంకాళి గుడికి వెళ్లేవారూ, పాతబస్తీ సందుల్లోకి వెళ్లేవారూ అక్కడే దిగాలి.

ఒక ఆదివారం నేనూ దిగాను, చేతిలో ఆకుకట్టతో.

మా అక్కయ్య యిల్లు అక్కడే. అమ్మ ఆమె దగ్గర వుంటున్నది. నేనీనాడు కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతున్నానంటే అమ్మ చలవే. బడి మెట్లెక్కని మనిషికి శతక పద్యాలు వందలకొద్దీ నోటికి వచ్చేవి. అటువంటి అమ్మ యేడాదిగా పాలగిన్నె పొయ్యిమీద పెట్టి మరిచిపోతున్నది, అడిగిందే అడుగుతున్నది. “డాక్టరుకు చూపిద్దాంరా” అని అక్కయ్య యెన్నిసార్లు అన్నదో! “ముందు సరస్వతి ఆకు వాడి చూద్దాం” అన్నవాణ్ణి నేనే.

ఎం.ఏ. చదివినవాణ్ణి కదా, ప్రమాణం కూడా చూపించాను. చరక సంహితలో మేధకు మేలుచేసే రసాయనాలు నాలుగు చెప్పారు: మండూకపర్ణి రసం, పాలతో అతిమధురం పొడి, తిప్పతీగ రసం, శంఖపుష్పి ముద్ద. మండూకపర్ణే మన సరస్వతి ఆకు. ఆ మాట పట్టుకొని ఆరు మాసాలు ఆకురసంతో, లేహ్యంతో కాలం గడిపాను.

ఆనాడు దుకాణంలో “బ్రాహ్మి” అని అడిగి, వేళ్లతో సహా ఒక కట్ట తెచ్చాను. అమ్మ ఒక రెమ్మ తుంచి, నమిలి, మొహం చిట్లించింది.

“గిది సరస్వతాకు గాదు బిడ్డా. అది గుండ్రంగ, కప్పకాలు లెక్క ఉంటది. అంచుకు పండ్లుంటయి. గిది చెరువుగట్టుకు పాకే ఇంకో చెట్టు. మస్తు చేదు.”

అక్షరాలా నిజం! చిన్న చిన్న దళసరి ఆకుల ఆ మొక్కా, సరస్వతి ఆకూ రెండూ ‘బ్రాహ్మి’ పేరుతోనే అమ్ముడుపోతాయి. పంతులుకు తెలియనిది అమ్మకు తెలిసింది. నా ఆనందం యింతా అంతా కాదు. చూశావా, అమ్మ మతికేం లోటు లేదని అక్కయ్యవైపు తిరిగాను. అంతలో అమ్మ నా మొహంలోకి చూసి మెల్లగా అడిగింది:

“మీది ఏ ఊరు బిడ్డా?”

అక్కయ్య మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాము. ఆయన ఆకును వెక్కిరించలేదు. నేను తెచ్చిన ఆ చేదుమొక్క సారం రోజుకు 300 మిల్లీగ్రాముల చొప్పున ఆరోగ్యవంతులకు యిచ్చి చూశారనీ, 5 వారాలకు కనబడని గుణం 12 వారాలకు కొంత కనబడిందనీ, ఆ ఫలితాలు 2001లో ఆస్ట్రేలియాలో వెలువడ్డాయనీ ఆయనే చెప్పాడు. “అది ఆరోగ్యవంతుల మాట. మతి తప్పుతున్నవారికి కారణం వెతకాలి. బి12 విటమిను తగ్గినా, థైరాయిడు మందగించినా మరుపు వస్తుంది. వాటికి మందుంది. ఆలస్యమే చెరుపు” అన్నాడు. రక్తపరీక్షలో అమ్మకు బి12 బాగా తక్కువని తేలింది.

సూదిమందు మొదలై మూడు మాసాలైంది. పాలు పొంగిపోవడం తగ్గింది. నేను మాత్రం ఒకరోజు కొడుకును, ఒకరోజు చుట్టాన్ని. ముందే వెళ్లివుంటే యెంత మిగిలేదో అన్న ప్రశ్న తిరుగుబండిలో నన్ను విడిచిపెట్టదు.

ఆనాటి కట్టను అమ్మ పారేయనివ్వలేదు. పాత కుండలో నాటింది. పోసిన సంగతి మరిచి రోజుకు రెండుసార్లు నీళ్లు పోస్తున్నది. తడినేల కోరే మొక్క కనుక కుండంతా కమ్ముకుంది.