పండుగలమ్మే వీధి

నల్లగొండ బస్సు ఎల్.బి.నగర్ కూడలిలో దించేసరికి, కొత్తగా వచ్చినవాడికి తాను ఊళ్ళోకి వచ్చాడో ఊరు విడిచి పోతున్నాడో బోధపడదు. ఒక దారి విజయవాడకు, ఒకటి నాగార్జునసాగరానికి, మరొకటి నగరం నడిబొడ్డుకు. 1964 నుంచి 66 దాకా ప్రధానిగా ఉన్న లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు ఈ పేటకు పెట్టారు. ఆయన నెమ్మదికీ ఈ కూడలి రొదకూ చుట్టరికం వెదకబోతే దొరకదు.

2025 సెప్టెంబరు 30, సద్దుల బతుకమ్మనాటి సాయంకాలం నేనక్కడ దిగాను. దగ్గరలోనే మా చెల్లెలి ఇల్లు. గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, తాంబాళంలో తంగేడు పూలు పేరుస్తూనే అంది:

"కాళ్ళు తర్వాత కడుక్కుందువుగానీ, అన్నా, పోయి మీ బావను తోలుకరా. ఆరింటికి వస్తనన్నడు. ఫోనెత్తుతలేడు."

పదేళ్ళ మేనకోడలు ఓ మూల కూర్చుని గునుగు పూలకు రంగు అద్దుతోంది. నా వంక చూడలేదు. పండుగపూట పాత లంగా కట్టుకున్నావేమని అడగబోయి, చెల్లెలి కనుసైగ చూచి ఊరుకున్నాను.

దిల్‌సుఖ్‌నగర్ అక్కడికి మెట్రోలో మూడో స్టేషను. 2018 సెప్టెంబరులో ఈ రైలు వచ్చింది గనుక సరిపోయింది గాని, పండుగరోజుల్లో కింది రోడ్డున పోవాలంటే రెండు పూటల భోజనం కట్టుకుని బయలుదేరాలి. కొత్తపేట దాటుతుంటే, పాతికేళ్ళ కిందట ఇక్కడే గది అద్దెకు తీసుకుని చదువుకున్న రోజులు జ్ఞాపకం వచ్చాయి. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ అప్పుడిక్కడే ఉండేది. మామిడి కాలంలో ఆ వాసనే మాకు సగం ఫలాహారం. 2021లో ఆ మార్కెట్టును బాటసింగారానికి తరలించారు.

దిల్‌సుఖ్‌రామ్ పర్షాద్ అనే భూస్వామి పొలాలు ప్లాట్లుగా మారి దిల్‌సుఖ్‌నగర్ అయిందంటారు. పేరులో హృదయానికి సుఖం ఉంది. కాళ్ళకు మాత్రం లేదు. స్టేషను మెట్లు దిగితే జనం మనలను మోసుకుపోతారు. సాయిబాబా గుడికి వెళ్ళేవారు, పోటీ పరీక్షల పుస్తకాలు కొనేవారు, హాస్టలు కుర్రవాళ్ళు, వీరందరి మధ్య బంతిపూల బుట్టలు, పిండివంటల దుకాణాలు, బట్టల కొట్లు. ఈ వీధిలో అమ్మని పండుగ లేదు.

మా బావది పక్క సందులో పిల్లల బట్టల దుకాణం. నన్ను చూడగానే, "వచ్చినవా బావా, జర గల్లా దగ్గర కూసో" అన్నాడు. పిలుచుకు పోవడానికి వచ్చానని చెప్పే వ్యవధి కూడా ఇవ్వలేదు. ప్రబంధాలు పాఠం చెప్పే వాడిని, రెండు గంటలసేపు చిల్లర లెక్కపెట్టాను. మడత పెట్టమని ఓ గౌను ఇచ్చారు గాని, నా మడత చూచి పనిపిల్ల మెల్లగా లాక్కుంది.

సందు దొరికినప్పుడల్లా ఆయన గోడు వినిపించాడు. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, బేరాలుండవు. అందుకే ఆ నెలలో ధర తగ్గించి సరుకు వదిలించుకోవడం. శ్రావణంలో కాస్త ఊపిరి. దసరాకు తెచ్చిన సరుకంతా అరువు. దీపావళిలోగా బేగంబజారు సేట్లకు కట్టాలి. ఈ మూడు వారాల రాబడిలోంచే ఎన్నో నెలల అద్దె వెళ్ళాలి. దానికి తోడు, బతుకమ్మ మొదలైన మరునాడే, సెప్టెంబరు 22న, పన్ను మారింది. వెయ్యి దాటి రెండున్నర వేల లోపు బట్టలకు 12 శాతం ఉన్నది 5 అయింది. కొన్నవారికి మేలే. రాత్రి రెండింటిదాకా కూర్చుని చీటీలన్నీ మార్చింది మాత్రం ఈయన.

"పనోళ్ళకు వారానికో సెలవియ్యాలని చట్టమున్నది. నాకెవరిస్తరు బావా?" అన్నాడు.

"ఆరింటికి వస్తానన్నావట కదా?"

ఆయన జవాబు చెప్పక ఫోను తీసి చూపించాడు. అందులో మా మేనకోడలు. నెమలికంఠం రంగు పట్టు లంగా, ఎర్ర జాకెట్టు, చేతిలో బతుకమ్మ. వారం కిందట తీసి, దుకాణం ప్రకటనగా వాట్సాప్‌లో పెట్టిన బొమ్మ. సద్దులనాడు ఆ లంగా నీదేనని బిడ్డకు మాట ఇచ్చాడట. మధ్యాహ్నం ఆ బొమ్మ చూచి హయత్‌నగర్ నుంచి ఒకావిడ వచ్చింది. పక్కన అదే ఈడు పిల్ల. ఆ కొలతలో మిగిలింది అదొక్కటే.

"ఆ పిల్ల కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. ఇచ్చేసిన. ఇప్పుడు ఇంటికి ఏ మొఖం పెట్టుకొని పోను?"

బేరాల సందడి అనుకున్నాను గాని, అతనిని అక్కడ కట్టేసినది బేరాలు కాదని అప్పుడు తెలిసింది.

ఎనిమిదింటికి చెల్లెలు నాకు ఫోను చేసింది: "సరూర్‌నగర్ చెరువుకు పోతున్నం అన్నా. వస్తే కట్టకు రమ్మను. రాకుంటే ఆయనిష్టం." బావ తాళాలగుత్తి పనిపిల్ల చేతిలో పెట్టి, చెప్పులు వేసుకుని నడిచాడు.

కట్టమీద వందల బతుకమ్మలు, చప్పట్లు, పాటలు. మా మేనకోడలు తండ్రిని చూచి ముఖం తిప్పుకుంది. కొంతసేపటికి తనే అడిగింది.

"అమ్ముడుపోయిందా?"

"పోయింది బిడ్డా."

"ఎంతకు?"

"రెండువేల రెండువందలు."

పిల్ల ఆలోచించింది. "నా ఫొటో చూసే కొన్నరు కదా. నా కమీషన్ నాకియ్యి. ఎల్లుండి దసరానాడు దుకాణం తెరవొద్దు."

నాకు నవ్వు వచ్చింది. బావకు రాలేదు. దసరానాడు మధ్యాహ్నందాకా బేరం బాగా సాగుతుంది. చెల్లెలు నీళ్ళలోకి బతుకమ్మను వదులుతూ ఆయన వంకే చూస్తోంది. "పూజ చేసి మూసేస్త" అన్నాడు చివరకు. ఆ రాత్రే, ఎనిమిది రోజులుగా తగ్గింపు ధరలు ప్రకటించిన చోట, పిల్ల స్వయంగా కూర్చి పెట్టింది: దసరానాడు మా దుకాణానికి సెలవు.

అక్టోబరు 2 ఉదయం పూజకు నేనూ వెళ్ళాను. గల్లాపెట్టెకు, కుట్టుమిషనుకు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, షట్టరు సగం దించేసరికి ఇద్దరు పిల్లలతో ఓ కుటుంబం వచ్చి నిలబడింది. బావ నా వంక చూచాడు. మేనకోడలు వంక చూచాడు. ఆమె ఏమీ అనలేదు. తాళంకప్ప పట్టుకుని నిలబడింది.

"ఇయ్యాళ సెలవమ్మా. రేపు రాండ్రి" అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం నాకదే మొదలు.

మరునాడు వారు వచ్చారో లేదో నేనెరుగను. తెల్లవారుజామునే నల్లగొండ బస్సెక్కాను.