రెండో కూజా

మా గరాజులో ఒక మూల, పాత దుప్పటి చుట్టుకుని ఒక గాజు కూజా ఉంది. 5 గ్యాలన్లది, అంటే దాదాపు 19 లీటర్లు. అది మా వీధి చివరి ఇంటి పెద్దాయనది. ఈ వసంతంలో ఆయన పోయాక, ఇల్లు ఖాళీ చేస్తూ వాళ్ళమ్మాయి దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టింది.

పోర్ట్‌లాండ్‌కు వచ్చిన కొత్తలో నాకు బీరు కాయడం నేర్పింది ఆయనే. ఇంట్లో బీరు కాచుకోవడానికి వీలిచ్చే చట్టంపై 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేశాక మొదలుపెట్టి, ఇక ఆపలేదట. మాల్టు పానకంలో కాస్కేడ్ హాప్స్ వేసి మరిగించి, చల్లార్చి, ఈస్టు కలిపి బకెట్‌కు మూత బిగించేవారు. వారం తరువాత పొంగు అణగగానే, సన్నని గొట్టంతో బీరును ఈ కూజాలోకి దించేవారు. మడ్డి బకెట్‌లోనే మిగిలిపోయేది. "మడ్డి మీద వదిలేస్తే చచ్చిన ఈస్టు రుచి పట్టేస్తుంది" అనేవారు. నేను మారుమాట లేకుండా రాసుకున్నాను.

కానీ కిందటి చలికాలం ఒక అనుమానం తొలిచింది. ఒకే కాపును రెండు చిన్న జాడీలలో పులియబెట్టి, ఒకదాన్ని వేరే పాత్రలోకి దించాను, రెండోదాన్ని కదపలేదు. రెండు నెలలకు సీసాలు విప్పి చూస్తే, దించినదానిలో తడిసిన అట్టపెట్టె వాసన. కదపనిది కమ్మగా ఉంది, తేటదనంలోనూ తీసిపోలేదు. దించేటప్పుడు సోకిన గాలే చేటు చేసింది. మడ్డి భయం ఎత్తైన తొట్లున్న పెద్ద కార్ఖానాలది. అక్కడ బరువుకూ వేడికీ ఈస్టు నలిగి చెడుతుంది. మన బకెట్‌లో మూడు నాలుగు వారాలకు ఏమీ కాదు. ఈ విద్యకు పెద్దబాలశిక్ష వంటి పుస్తకం రాసిన జాన్ పామర్ సైతం తన తొలి అభిప్రాయాన్ని తరువాత మార్చుకున్నారు.

అప్పటికే పెద్దాయనకు ఒంట్లో బాగుండటం లేదు. ఆ రెండు సీసాలూ ఆయనకు రుచి చూపించలేదు. చెప్పనూ లేదు.

ఈ వేసవిలో, ఆయన లేకుండా మొదటిసారి కాచాను. 1.052 దగ్గర మొదలైన హైడ్రోమీటరు కొలత 1.012కు దిగి, మూడు రోజులు అక్కడే నిలిచింది. కూజా కడిగాను. గొట్టం చేతిలోకి తీసుకుని ఆగిపోయాను. దించకపోతే ఆయన మాట కాదన్నట్టు. దించితే, తెలిసి తెలిసి పాడు చేసినట్టు.

మా అమ్మ తోడుపెట్టిన గిన్నెను ఎవరినీ కదపనిచ్చేది కాదు. అదే అమ్మ మూడోనాడు ఆవకాయ జాడీని తానే తిరగ కలిపేది. దేని ధర్మం దానిది. ఆలోచిస్తే పెద్దాయనదీ తప్పు కాదు. ఆ రోజుల్లో మాల్టు డబ్బా మూతతో వచ్చే ఈస్టు పొట్లం ఎన్నాళ్ళ పాతదో తెలిసేది కాదు. అటువంటి నీరసపు ఈస్టును నమ్మలేక, బీరును దానినుంచి తప్పించేవారు. ఆయన నాకు నేర్పింది ఆ జాగ్రత్త. నేను రాసుకున్నది గొట్టాన్ని.

బకెట్ మూత మళ్ళీ బిగించాను. మరో పది రోజులకు నేరుగా సీసాలకు ఎక్కించాను.

మరి కూజా? మా కంచె నిండా బ్లాక్‌బెర్రీలు నల్లబడుతున్నాయి. పండ్లలోని చక్కెరకు బీరు మళ్ళీ పులుస్తుంది. అక్కడ రెండో పాత్రకు నిజంగా పని ఉంది. వచ్చే కాపు అందులోకే. కూజా మెడ మీద ఆయన రాసి అంటించిన టేపు ముక్క ఇంకా ఉంది: "సెకండరీ". అది తడవకుండా కడగడం మాత్రం కొంచెం కష్టమే.