పసుపు దీపం

మా పాత కారులో ఇంజను బొమ్మ పసుపు రంగులో వెలగడం మొదలై పది రోజులైంది. మెకానిక్ చూసి, "ఆక్సిజన్ సెన్సార్ పోయిందండీ, కొత్తది వేయాల్సిందే" అన్నాడు. అతను చెప్పిన ధర విని మావారు మారుమాట్లాడకుండా కారు ఇంటికి తెచ్చేశారు.

మాట్లాడకపోవడం ఈమధ్య మా ఇంట్లో మామూలే. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్న మావాడికి రెండు సబ్జెక్టులు తప్పాయి. "నీచేత ఏ పనీ కాదు" అన్నారు ఆయన. అంతే, మూడు వారాలుగా ఇద్దరికీ మాటల్లేవు. "వాడికి ఫీజు కట్టానని చెప్పు", "అమ్మా, నాన్నకి బండి కావాలేమో అడుగు"... అన్నీ నా ద్వారానే.

ఆదివారం పొద్దున వాడు మల్టీమీటరు, స్నేహితుడి దగ్గర తెచ్చిన స్కానరు పట్టుకొచ్చాడు. "మార్చే ముందు ఒకసారి చూస్తానమ్మా" అన్నాడు. ముందు కారుని షెడ్డులోంచి వాకిట్లోకి తీశాడు. మూసిన చోట ఇంజను నడిపితే ఆ పొగ ప్రాణాంతకమట.

ఆ సెన్సార్ బొటనవేలంత ఉంటుంది. పొగగొట్టంలో మిగిలిన ఆక్సిజన్‌ని బయటి గాలితో పోల్చి, పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో కారు కంప్యూటరుకి చెబుతుంది. సుమారు 300 డిగ్రీల వేడి తగిలితేగానీ సరిగ్గా పనిచేయదు. త్వరగా వేడెక్కడానికి దానిలోనే చిన్న హీటరు ఉంటుంది. స్కానరు చూపించిన లోపం ఆ హీటరుదే.

ఇంజను చల్లగా ఉండగానే ప్లగ్గు ఊడదీసి, హీటరు తీగల మధ్య మీటరు పెట్టాడు. అంకె చదవడం నా పని. ఆరు ఓమ్‌లు! "లోపల తెగిపోయుంటే ఇలా రాదమ్మా, ఇది బాగానే ఉంది." బండి స్టార్ట్ చేసి, అటువైపు నుంచి రావాల్సిన 12 వోల్టులు కొలిస్తే మాత్రం సున్నా. ఇంజను ఆపి, టార్చి వేసి తీగ వెంటే వెతికాం. ఎలుక కొరికేసింది! పక్కనే కొబ్బరి పీచుతో గూడు కూడా కట్టుకుంది.

వాడు తీగ అతికి, పైన స్లీవు వేశాడు. ఇక ఆఖరి పరీక్ష. ఇంజను బాగా వేడెక్కాక సిగ్నల్ తీగ దగ్గర వోల్టేజి 0.1కీ 0.9కీ మధ్య గబగబా ఊగాలి. ఒకేచోట నిలిచిపోతే సెన్సార్ పోయి ఉండొచ్చు. వాడు పిన్నులు కదలకుండా పట్టుకోవాలి, ఎవరో ఒకరు ఎక్సలేటరు తొక్కాలి. నాకు డ్రైవింగ్ రాదు.

వరండాలో పేపరు మడిచిన చప్పుడైంది. మావారు వచ్చి సీట్లో కూర్చున్నారు.

నేను చదువుతున్నాను... 0.2, 0.8, 0.3. ఇంజను మోతలో నా గొంతు ఆయనకి వినబడలేదు.

"ఒరేయ్, ఎంతొస్తోందిరా?"

"పాయింట్ ఎనిమిది నాన్నా! బాగానే ఊగుతోంది!"

ఇక నాతో పని లేదని కాఫీ పెట్టడానికి లోపలికొచ్చాను. కిటికీలోంచి చూస్తే ఇద్దరూ బానెట్ కింద తలలు పెట్టి, ఆ అతుకు ఎక్కడ వేశాడో చూసుకుంటున్నారు.

మీ కారులోనూ ఆ దీపం వెలిగితే, కొత్త సెన్సార్ కొనేముందు తీగలు ఒకసారి చూపించుకోండి. మావాడి సబ్జెక్టులు రెండూ ఇంకా అలాగే ఉన్నాయి. పసుపు దీపం మాత్రం ఆరింది.