పాత యమహా మీద మోజుంటే...

యమహా ఆర్‌ఎక్స్‌ 100 మనదేశంలో 1985లో వచ్చింది. 1996లో తయారీ ఆగిపోయింది. ఇంజిన్‌ 98 సీసీయే. అయినా 11 గుర్రాల బలం, తేలికైన ఒళ్లు... గేరు పడితే చాలు, ఉరికేది. ఆ మోజు ఇంకా తీరలేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌ వైపు మంచి బండి ఉందని తెలిస్తే బయానా పట్టుకుని బయల్దేరే కుర్రాళ్లున్నారు.

వనపర్తి అబ్బాయి ఒకడు అలాగే తొలి జీతాలు కూడబెట్టుకుని గద్వాల వెళ్లాడు. వెంట తండ్రి. కొడుకు మెరిసే ట్యాంకును చూస్తుంటే, తండ్రి ఇంజిన్‌ మీద అరచెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది. చల్లటి బండి ఎన్ని కిక్కులకు లేస్తుందో తెలియకుండా ముందే స్టార్ట్‌ చేసి ఉంచారన్నమాట! తర్వాత పొగ చూశాడు. టూస్ట్రోక్‌ బండికి మొదట్లో కాస్త పొగ మామూలే. వేడెక్కాక కూడా తెల్లగా, దట్టంగా వస్తోందంటే క్రాంక్‌ సీలు పోయి గేరు ఆయిల్‌ లోపల మండుతున్నట్టే. అదైతే ఖర్చుతో పోతుంది. చివరికి ఆర్‌సీ తీసి ఛాసిస్‌ నంబరుతో పోల్చాడు. రెండు అంకెలు వంకరగా, కొత్తగా కొట్టినట్టున్నాయి.

''ఇసొంటి బండి మళ్ల దొర్కదు నాయినా'' అన్నాడు కొడుకు.

''బండి దొర్కుతది బిడ్డా. దొంగబండైతే ఠాణా సుట్టు తిరిగేది నువ్వే.''

బయానా ఇవ్వకుండానే వచ్చేశారు.

ఏపీ 22తో మొదలయ్యే పాత మహబూబ్‌నగర్‌ నంబరు ఎంత ముచ్చటగా ఉన్నా, 15 ఏళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి పొడిగించుకోవాల్సిందే. ఆర్‌సీలో పేరున్న మనిషే 29, 30 ఫారాల మీద సంతకం పెట్టాలి. బోరు, సీలు మళ్లీ వేయించుకోవచ్చు. కాగితం తప్పయితే ఏ మెకానిక్కూ బాగుచేయలేడు.