సత్యాన్వేషి

వ్యోమకేశుడంటే శివుడు. అమరకోశం వల్లించిన వారందరికీ తెలిసిన పేరే. వంగదేశీయుల నోట వకారం బకారమై అది బ్యోమకేశ్ అయింది. శరదిందు బందోపాధ్యాయ 1932లో తన అపరాధ పరిశోధకునికి ఈ పేరు పెట్టి, అతనికి డిటెక్టివ్ అనే మాట గిట్టదని చెప్పి, వాకిట బోర్డు మీద ‘సత్యాన్వేషి’ అని వ్రాయించారు. సవర్ణదీర్ఘ సంధికి ఇంతకన్న చక్కని ఉదాహరణ నా ఉద్యోగ జీవితంలో నాకు దొరకలేదు.

1993లో బాసు ఛటర్జీ ఆ కథలను దూరదర్శన్‌కు హిందీ ధారావాహికగా మలిచారు. రజిత్ కపూర్ బ్యోమకేశ్, కె.కె. రైనా అజిత్. మా ఇంట్లో నలుపు తెలుపు టీవీ. హిందీ రాని మా ఆవిడకు నేనే అర్థం చెప్పేవాడిని. నాకు వచ్చినది అందులో సగమేనన్న రహస్యం ఆమె ఏ పరిశోధకుని సాయమూ లేకుండానే కనిపెట్టింది.

కథలను అనువాదాలలో ఆ తరువాత చదివాను. మొదటి కథలో కలకత్తాలోని ఒక మెస్సుకు అతుల్‌చంద్ర మిత్ర అనే నిరుద్యోగి వచ్చి అజిత్ గదిలో చేరతాడు. కథ చెప్పేది అజిత్. కనుక అతడే బ్యోమకేశ్ అని అజిత్‌కు తెలిసే దాకా మనకూ తెలియదు. శ్రవ్యకావ్యానికి సాధ్యమైన ఈ దాపరికం దృశ్యకావ్యానికి ఎక్కడిది? బ్యోమకేశ్‌ను చూడాలనే టీవీ ముందు కూర్చున్నాం. ఆ ముఖం కనబడగానే గుట్టు రట్టయింది. అయితే ఛటర్జీ గారు దానికై పెనుగులాడలేదు. మనకు తెలిసినది పక్క మంచం మీది అజిత్‌కు తెలియకపోవడంలో వేరొక రుచి ఉన్నది. పైగా రజిత్ కపూర్ వినే తీరు! ఎదుటివాడు అబద్ధమాడుతున్నా తొందరపడని ఆ చూపు ఏ పుటలోనూ నాకు కనబడలేదు. సత్యజిత్ రాయ్ 1967లో ఉత్తమ్ కుమార్‌తో తీసిన ‘చిడియాఖానా’ ఒక్క కథే. ధారావాహికలో మాత్రం అతడు వారం వారం మన ఇంటికి వచ్చాడు, సత్యవతిని పెళ్ళాడాడు.

అటువంటి ఒక రాత్రి మా తమ్ముడు మెల్లగా అన్నాడు:

“అన్నయ్యా, ఆనాటి యుగంధర్ పుస్తకం నాది.”

1983లో నేను కొత్త పంతులిని. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడి సంచిలో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ నవల దొరికింది. పంచకావ్యాలు చదివిన అహంకారం నాది. తరగతి ఎదుటే చింపివేసి, వాడిని రెండు దెబ్బలు కొట్టాను. ఎవరిదని అడగనైనా లేదు. అద్దెకు తెచ్చినది రెండు బెంచీల వెనుక కూర్చున్న నా తమ్ముడట. ఆ పిల్లవాడు పెదవి విప్పలేదు. దుకాణం వాడికి కట్టవలసిన సొమ్ము ఇద్దరూ కూడబెట్టడానికి మూడు నెలలు పట్టిందట.

ఆ రోజు భాగంలో దొంగ ఎవరో నేను చూడలేదు. మా ఆవిడ అర్థం అడిగితే చెప్పలేకపోయాను.

తమ్ముడి వద్ద చిరునామా తీసుకొని ఆ పిల్లవానికి ఉత్తరం వ్రాశాను. అప్పటికి అతడు సూరత్‌లో ఉన్నాడు. క్షమాపణ అన్న మాట నాలుగుసార్లు కొట్టివేసి ఐదోసారి ఉంచాను. కార్డు మీద జవాబు వచ్చింది. కుశల ప్రశ్నల తరువాత ఒకే వాక్యం:

“మాస్టారూ, అందులో హంతకుడెవరో మాకు తెలియనే లేదండి.”

నవల పేరు వాళ్ళిద్దరికీ గుర్తు లేదు. పాత పుస్తకాల దుకాణాలలో యుగంధర్ కనబడితే కొంటున్నాను. ఇప్పటికి పద్దెనిమిది పోగయ్యాయి.