లక్సెట్టిపేట నుంచి రైలెక్కాలంటే...

ఊళ్లో స్టేషన్ లేదు. రైలు కూత వినపడదు. అయినా దూర ప్రయాణమంటే ఈ ఊరివాళ్లకు ముందు గుర్తొచ్చేది రైలే. దాన్ని అందుకోవాలంటే మాత్రం ముందు 30 కిలోమీటర్ల రోడ్డు దాటాలి!

తెల్లవారడానికి ఇంకా చాలా సమయముంది. లక్సెట్టిపేటలో ఓ ఇంట్లో లైటు వెలిగింది. హైదరాబాద్‌లో చదువుకునే కొడుకు కోసం తల్లి సకినాల డబ్బా సంచిలో సర్దుతోంది. 'బాపూ, లే... బండి పోతది' అంటూ కొడుకు తండ్రిని తట్టి లేపుతున్నాడు. బండంటే రైలు. అది ఆగేది మంచిర్యాలలో. అక్కడిదాకా మోటార్‌సైకిల్ మీద దింపి రావాల్సింది తండ్రే. ఆ వేళప్పుడు బస్సు కోసం నిలబడితే రైలు దక్కుతుందన్న భరోసా ఎవరికీ ఉండదు మరి.

పండగలకు వచ్చి వెళ్లే పిల్లలున్న ఇళ్లలో ఇది మామూలు సంగతే. వరంగల్, హైదరాబాద్ ఆస్పత్రులకు వెళ్లాల్సిన పెద్దవాళ్లదీ, గల్ఫ్ విమానం అందుకోవాల్సిన వలస కూలీలదీ ఇదే తిప్పలు. అసలు ప్రయాణానికి ముందు ఇంకో ప్రయాణం!

పట్టాలు అటు పోయాయి...

కాజీపేట నుంచి బల్లార్ష వెళ్లే రైలుమార్గం నిజాం కాలం నాటిది. 1929లో అది పూర్తవడంతో మద్రాసు నుంచి ఢిల్లీకి నేరుగా దారి ఏర్పడింది. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ మొదలైందీ ఆ ఏడాదే. మొదట్లో ఆ బండి పెషావర్ నుంచి మంగళూరు దాకా నడిచేది.

ఈ మార్గం రామగుండం దాటాక గోదావరి మీదుగా మంచిర్యాలకు వస్తుంది. అక్కడి నుంచి మందమర్రి, బెల్లంపల్లి బొగ్గుగనుల మీదుగా ఉత్తరానికి సాగిపోతుంది. లక్సెట్టిపేట ఉన్నది మంచిర్యాలకు పడమట, గోదావరి ఒడ్డున, నదికి ఎగువన. బల్లార్ష వెళ్లే దారికి అది పక్కదిక్కు. అలా ఊరు రైలుకు దూరంగా ఉండిపోయింది.

విచిత్రమేమిటంటే, ఆ రోజుల్లో పెద్ద ఊరు లక్సెట్టిపేటే! ఆదిలాబాద్ జిల్లాలో అదో తాలూకా కేంద్రం. మంచిర్యాల ఆ తాలూకాలో ఒక ఊరు. కచేరీ పని పడితే మంచిర్యాలవాళ్లే ఇటు రావాల్సి వచ్చేది.

పేరు కూడా మారింది

రైలు వచ్చాక లెక్క తిరగబడింది. బొగ్గు, సిమెంటు, వ్యాపారం... అన్నీ పట్టాల పక్కకు చేరాయి. మంచిర్యాల పెరుగుతూ పోయింది. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత 2009 ఎన్నికల నాటికి లక్సెట్టిపేట అసెంబ్లీ స్థానం పేరు మంచిర్యాలగా మారిపోయింది. 2016 అక్టోబరులో మంచిర్యాల ఏకంగా జిల్లా కేంద్రమైంది. లక్సెట్టిపేట అందులో ఒక మండలం. 2018లో మున్సిపాలిటీ హోదా దక్కడం కొంత ఊరట.

ఇంగ్లండ్‌లో ఇలాంటిదే ఇంకో రకం కథ. 1963లో డాక్టర్ బీచింగ్ ఇచ్చిన నివేదిక రెండు వేలకు పైగా స్టేషన్లను మూసేయాలని చెప్పింది. ఎన్నో చిన్న పట్టణాల వాళ్లు రైలెక్కడానికి పక్క ఊరికి వెళ్లాల్సి వచ్చింది. వాళ్లు ఉన్నది పోగొట్టుకున్నారు. లక్సెట్టిపేటకు పోగొట్టుకోవడానికి స్టేషనే లేదు!

రెండు పట్టాల నడుమ

ఇటు రైలు లేకపోతే అటు లేదా? ఉంది. రాయపట్నం వంతెన మీదుగా గోదావరి దాటితే ధర్మపురి, ఆపైన జగిత్యాల. పెద్దపల్లి–నిజామాబాద్ రైలుమార్గం ఆ దిక్కునే వెళుతుంది. 1993లో శంకుస్థాపన జరిగిన ఆ మార్గం పూర్తిగా నిజామాబాద్ చేరేసరికి 2017 వచ్చింది. అదీ లక్సెట్టిపేటకు దూరమే. ఊరికి తూర్పున ఒక రైలుమార్గం, నది అవతల మరొకటి. రెండూ ఊరిని తాకవు.

ఇక మిగిలింది రోడ్డు. నిజామాబాద్ నుంచి జగదల్‌పూర్ వెళ్లే 63వ నంబరు జాతీయ రహదారి ఊరి మీదుగానే పోతుంది. హాజీపూర్, గుడిపేట, ముల్కల్ల మీదుగా మంచిర్యాల చేరాలి. ఒకప్పుడు ఎడ్లబండి, తర్వాత ఆర్టీసీ బస్సు, ఇప్పుడు షేర్ ఆటోలు కూడా. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక, స్టేషన్‌కు వెళ్లే తల్లులకూ చదువుకునే ఆడపిల్లలకూ ఆ ఖర్చు తప్పింది. మూటాముల్లెతో సీటు దొరకడమే కష్టం!

గోదారి దాటితే లేవాలి

తిరుగు ప్రయాణంలో ఇంకో ముచ్చట. సికింద్రాబాద్‌లో రైలెక్కితే కాజీపేట, జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం దాటుకుంటూ రావాలి. ఎంత గాఢనిద్రలో ఉన్నా గోదావరి వంతెన మీద చక్రాల చప్పుడు మారగానే మెలకువ వచ్చేస్తుంది. పెద్దవాళ్లు కిటికీలోంచి నదిలోకి రూపాయి బిళ్ల విసిరి దండం పెట్టుకుంటారు. కుర్రాళ్లు పైనున్న బ్యాగులు దించుతారు. వంతెన దాటిందంటే మంచిర్యాల వచ్చినట్టే.

అసలు కష్టం అప్పుడే మొదలు. రైలు గంట ఆలస్యమైతే ఆఖరి బస్సు వెళ్లిపోతుంది. రాత్రిపూట ఆటోవాలా చెప్పిందే రేటు. నలుగురు ప్రయాణికులు కలిస్తే పంచుకోవచ్చు. ఒంటరిగా దిగిన ఆడపిల్లయితే ఇంటి నుంచి ఎవరో ఒకరు రావాల్సిందే. 2024 సెప్టెంబరులో ఇదే మార్గంలో నాగపూర్–సికింద్రాబాద్ వందే భారత్ మొదలైంది. పట్టాల మీద వేగం పెరుగుతోంది. స్టేషన్ బయట బస్సు కోసం ఎదురుచూపు మాత్రం అలాగే ఉంది. రైలు వచ్చే వేళకు బస్సు కుదిరితే చాలు, ఈ ఊరి బాధ సగం తీరినట్టే.

అప్పటిదాకా ఇళ్లలో లెక్క ఒకటే. పెద్దపల్లి నుంచి మంచిర్యాలకు రైల్లో ఎంత దూరమో, లక్సెట్టిపేట నుంచి మంచిర్యాలకు రోడ్డు మీద ఇంచుమించు అంతే దూరం. అందుకే ఫోన్ రావాల్సింది గోదావరి దగ్గర కాదు, అంతకంటే ముందే.

'బాపూ, పెద్దపల్లి దాటినం.'

'సరే బిడ్డా, వస్తున్న.'

అటు రైలు, ఇటు మోటార్‌సైకిల్. రెండూ ఒకేసారి బయల్దేరినట్టు! స్టేషన్ ముందు కలుసుకున్నాక ఇద్దరూ కలిసి మళ్లీ 30 కిలోమీటర్లు. ఇంటి దగ్గర అవ్వ అన్నం వేడి చేసి, గడపలో కూర్చుని ఉంటుంది.