ముడి వేస్తే విప్పొచ్చు కదా

స్పానిష్‌లో ‘ఎస్పోసా’ అంటే భార్య. బహువచనంలో ‘ఎస్పోసాస్’ అంటే భార్యలనీ అర్థం, బేడీలనీ అర్థం. పోలీసులు చేతులకి తగిలించే బేడీలే. ఎప్పుడూ జంటగా, విడదీయరాకుండా ఉంటాయి కాబట్టి ఆ పేరొచ్చిందంటారు. ఆ భాష నేర్చుకున్న ప్రతి స్త్రీవాదీ ఒక్కసారైనా ఈ మాట చెప్పి నలుగురినీ నవ్వించే ఉంటుంది. నేనూ చాలాసార్లు నవ్వించాను. కానీ అనువాదంలో ఈ మాట నన్ను ఏనాడూ ఇబ్బంది పెట్టలేదు. దొంగకి ‘ఎస్పోసాస్’ వేసి తీసుకెళ్ళారంటే, భార్యల్ని కట్టబెట్టారని ఎవరూ అనుకోరు. వాక్యమే దారి చూపిస్తుంది. రెండర్థాలూ ఒకే వాక్యంలో హాయిగా ఒదిగిపోయే మాటలతోనే చిక్కు. నా బల్ల మీదికొచ్చే కాగితాల్లో అలాంటి మాటలు ఎక్కువగా ఆడవాళ్ళ ఒంటి చుట్టూనే తిరుగుతుంటాయి.

నేను హైదరాబాద్‌లో, అప్పటి సీఫెల్‌లో స్పానిష్ చదువుకున్నాను. టెక్సాస్ వచ్చాక ఆస్పత్రుల కాగితాలు ఇంగ్లీషు నుంచి స్పానిష్‌లోకి, రోగులు రాసిచ్చినవి స్పానిష్ నుంచి ఇంగ్లీషులోకి మార్చడం నా ఉద్యోగమైంది. “వాళ్ళ మాటలు వాళ్ళు చూసుకుంటారు, మధ్యలో నీకేం పనే?” అని మా మేనత్త ఇప్పటికీ అడుగుతుంది. మధ్యలో నేనొక్కదాన్నే కాదు, తెలుగు కూడా ఉంటుంది. స్పానిష్ మాట చదవగానే ఇంగ్లీషు కంటే ముందు తెలుగే లేచి కూర్చుంటుంది. ‘మే ద పేనా’ అని ఒకామె రాస్తుంది. స్పెయిన్‌లో ‘పేనా’ అంటే బాధ, జాలి. మెక్సికోలో, మధ్య అమెరికాలో అదే మాట సిగ్గు, బిడియం. డాక్టరుకి చెప్పడానికి ‘పేనా’గా ఉందని ఒక మెక్సికన్ ఇల్లాలు రాస్తే, అది అచ్చంగా మన మొహమాటం. ఇంగ్లీషులో మొహమాటం లేదు. సిగ్గుపడుతోందని రాస్తే ఏదో తప్పు చేసినట్టు ఉంటుంది, బాధగా ఉందంటే డిప్రెషన్ ప్రశ్నలు మొదలవుతాయి.

ఇంకో మాట ‘అలివియార్సే’. తేరుకోవడం, నెమ్మదించడం అని అర్థం. జ్వరం తగ్గితే ఈ మాటే. మెక్సికోలో చాలామంది ఆడవాళ్ళకి కాన్పు అయినా ఈ మాటే. ‘మే అలివియే ఎన్ కాసా’ అని రాసుందనుకోండి. ఇంటి దగ్గరే కోలుకున్నాను అనొచ్చు, ఇంటి దగ్గరే పురుడు పోసుకున్నాను అనొచ్చు. మొదటి అర్థం ఎంచుకుంటే ఒక కాన్పు ఆమె వైద్య చరిత్రలోంచి మాయమైపోతుంది. అప్పుడు రక్తం ఎక్కువ పోయిందా, బిడ్డ బతికిందా అని అడిగేవాళ్ళే ఉండరు. మనకిది కొత్తేమీ కాదు. నీళ్ళోసుకుంది అంటే కడుపుతో ఉందని, నీళ్ళాడింది అంటే ప్రసవించిందని మన అమ్మమ్మలకి తెలుసు. ఆ వాక్యాన్ని తెలుగు డిక్షనరీ పట్టుకుని చదివే పరాయి డాక్టరుకి కనిపించేది స్నానాల గది మాత్రమే. అందుకే ఇలాంటిచోట నేను ఏ అర్థాన్నీ ఎంచుకోను. పక్కన ప్రశ్న రాసి వెనక్కి పంపుతాను, ఆమెనే అడగమని. విసుక్కుంటారు. విసుక్కోనీ.

అడగకపోవడం ఎంత ఖరీదో చెప్పడానికి ఈ రంగంలో అందరూ ఎత్తే ఉదాహరణ ఒకటుంది. 1980లో ఫ్లోరిడాలో విల్లీ రామిరెజ్ అనే 18 ఏళ్ళ కుర్రాణ్ణి స్పృహ లేని స్థితిలో ఆస్పత్రికి తెచ్చారు. క్యూబా నుంచి వచ్చిన కుటుంబం. అతను ‘ఇంతోక్సికాదో’ అన్నారు వాళ్ళు. తిన్నదేదో పడలేదు, విషమైంది అని వాళ్ళ ఉద్దేశం. డాక్టర్లకి అది ఇంగ్లీషు మాటలా వినిపించింది. మాదకద్రవ్యాలు ఎక్కువ తీసుకున్నాడని వైద్యం చేశారు. నిజానికి మెదడులో రక్తస్రావం. కాళ్ళూ చేతులూ చచ్చుబడిపోయాయి. తర్వాత కేసు సుమారు 7 కోట్ల 10 లక్షల డాలర్ల పరిహారంతో ముగిసింది. ఆ రోజు దుబాసీని ఎవరూ పిలవలేదు. ఎందుకు పిలుస్తారు? రెండు వైపులా అందరికీ అర్థమైందనే అనుకున్నారు కదా.

ఇది చెప్పినప్పుడల్లా సభలో నిట్టూర్పులు వినపడతాయి. కానీ నాకు ఆ 18 ఏళ్ళ కుర్రాడి కంటే ఎక్కువగా గుర్తొచ్చేది లాస్ ఏంజిలెస్ కౌంటీ ఆస్పత్రి మీద కోర్టుకెక్కిన పదిమంది స్త్రీలు. వాళ్ళకి పరిహారం రాలేదు.

ఆ కేసు పేరు మాద్రిగల్ వర్సెస్ క్విలిగన్. 1975లో వేశారు. మెక్సికన్ మూలాలున్న స్త్రీలు, కాన్పు కోసం వెళ్ళినవాళ్ళు. సిజేరియన్ చేస్తూనే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేసేశారు. కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. నొప్పులు పడుతూండగా సంతకాలు తీసుకున్నారు. సంతకం పెట్టనేలేదన్న వాళ్ళూ ఉన్నారు. కేసుకి పేరిచ్చిన ఆమె దోలోరెస్ మాద్రిగల్. దోలోరెస్ అంటే బాధలు, దుఃఖాలు. కాన్పు నొప్పులకీ అదే మాట, మన నొప్పుల్లాగే.

ట్యూబులు కడతామని ఇంగ్లీషులో చెప్పారు. కడతారంటే ముడి వేస్తారని, ముడి వేసింది కావలసినప్పుడు విప్పుకోవచ్చని వాళ్ళలో కొందరు అనుకున్నారు. ఎవరైనా అలాగే అనుకుంటారు. మూటకి ముడి వేస్తాం, మేకని గుంజకి కడతాం, జడకి రిబ్బన్ కడతాం. విప్పడానికి వీల్లేని ముడి ఏ ఆడదాని అనుభవంలో ఉంది? పెళ్ళిలో వేసే మూడుముళ్ళు తప్ప, అని మా స్నేహితురాలు ఒకావిడ అంటుంది. అది వేరే వ్యాసం.

1978లో జడ్జి జెస్సీ కర్టిస్ తీర్పు చెప్పాడు. డాక్టర్ల తప్పేమీ లేదు, ఒకరి మాట ఒకరికి అందకపోవడం వల్ల జరిగింది అన్నాడు. వాళ్ళ తరఫున సాక్ష్యమిచ్చిన మానవశాస్త్రవేత్త కార్లోస్ వెలెస్-ఇబాన్యెస్, ఈ ఆపరేషన్ ఆ స్త్రీలని ఎంత కుంగదీసిందో వివరించాడు. తీర్పులో ఆ మాటలే వాళ్ళకి ఎదురు తిరిగాయి. వాళ్ళ సంస్కృతి అలాంటిది కాబట్టి అంత బాధపడ్డారు, అది డాక్టర్లకెలా తెలుస్తుంది అన్నట్టుగా. ఆ తీర్పు గురించి చదివినప్పుడు అనువాదకురాలిగా నాకు ఒళ్ళు మండింది. మాట అందలేదంటే తప్పంతా మాటదే అయినట్టు! రెండర్థాలున్న మాట దానంతటది ఎవరినీ కొయ్యదు. కత్తి చేతిలో ఉన్నవాళ్ళు ఒక అర్థంతో పని చేశారు, బల్ల మీద ఉన్నామె ఇంకో అర్థంతో సంతకం పెట్టింది. ఆ రెండూ ఒకటేనా అని అడగాల్సిన బాధ్యత ఎవరిది?

కేసు ఓడిపోయినా ఆ గొడవ వృథా కాలేదు. ఫెడరల్ నిధులతో చేసే ఈ ఆపరేషన్లకి 1978లో కొత్త నిబంధనలు వచ్చాయి. 21 ఏళ్ళు నిండాలి, నొప్పులు పడుతూండగా సంతకం తీసుకోకూడదు, భాష తెలియకపోతే దుబాసీ ఉండాలి, సంతకానికీ ఆపరేషన్‌కీ మధ్య మామూలుగా 30 రోజులు గడవాలి.

ఆ సంతకానికి ముందు చదువుకోవడానికిచ్చే ఒక సమాచార పత్రం నా దగ్గరికి వచ్చింది. ఇంగ్లీషులో మళ్ళీ అదే మాట: ట్యూబులు కట్టడం. స్పానిష్‌లో దీనికి స్థిరపడిన వైద్య పదం ‘లిగదూరా’. అదీ కట్టడమే. ట్యూబుల్ని ‘త్రోంపాస్’ అంటారు, ఏనుగు తొండాన్నీ అదే మాటతో పిలుస్తారు, అది సరే. అచ్చుకి ముందు నా అనువాదాన్ని ఐదుగురు స్త్రీల చేత చదివించాం. వాళ్ళలో ఒకరికి స్పానిష్ కూడా రెండో భాషే, ఇంట్లో మాయా భాష. ఆమె చివరిదాకా చదివి, విప్పించుకోవాలంటే మళ్ళీ ఇక్కడికే రావాలా, మా ఊళ్ళో డాక్టరు కూడా విప్పుతాడా అని అడిగింది. కింద ‘పెర్మనెంతే’ అని రాసుంది కదమ్మా, శాశ్వతం అని, అన్నాను. పక్కావిడ నవ్వేసింది. జుట్టుకి రింగులు వేయించుకోవడాన్ని కూడా ‘పెర్మనెంతే’ అంటారు. “నేనూ వేయించుకున్నాను, మూడు నెలల్లో పోయింది” అంది.

నేను మార్చి రాశాను. ట్యూబుల్ని కోస్తారు, లేదా మూసేస్తారు, ఆ తర్వాత ఇక పిల్లలు పుట్టరు, మళ్ళీ మునుపటిలా అవుతుందని నమ్ముకోకూడదు అని. పరిశీలకురాలు ఎర్రగీత పెట్టింది, మూలంలో లేనిది చేర్చకూడదని. నిజమే, అది మా వృత్తి ధర్మం, నేను దాన్ని గౌరవిస్తాను. అందుకని మూలాన్నే మార్చమని రాశాను. ఇంగ్లీషు పత్రం రాసిన నర్సుతో మాట్లాడితే, ఇంగ్లీషు తప్ప ఇంకో భాష రానివాళ్ళు కూడా ఎప్పుడు విప్పుతారని అడుగుతూనే ఉంటారని చెప్పింది. అంటే అనువాదం దాకా రాకముందే ఆ మాట మోసం చేస్తోందన్నమాట. పైగా ఈ రోజుల్లో చాలాచోట్ల ముడి వేయడమే లేదు, ట్యూబుల్ని పూర్తిగా తీసేస్తున్నారు. మాట మాత్రం పాత ముడి దగ్గరే ఆగిపోయింది.

మా అమ్మమ్మకి ఈ బాధ లేదు. మా ఊళ్ళో ‘ఆపరేషన్ అయిందా?’ అంటే అది ఒక్కటే ఆపరేషన్. గుండెదైనా కంటిదైనా ముందు పేరు చేర్చాలి గానీ దీనికి అక్కర్లేదు. పిల్లల్ని ఆపేది కాబట్టి దాన్ని ‘ఆప’రేషన్ అంటారని అమ్మమ్మ గట్టి నమ్మకం. అర్థం మాత్రం సరిగ్గా పట్టుకుంది. ఆ మాట ఆమెని అడిగి చేశారా అన్నది వేరే సంగతి. మామయ్య చేయించుకోవచ్చు కదా అని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

మూడు నెలలు ఉత్తరాలు నడిచాక ఇంగ్లీషు పత్రం మారింది. స్పానిష్ దాని వెనకే మారింది. 30 రోజులు ఆగాలన్న చోట ‘ఎస్పెరార్’ అని రాశాను. వేచి ఉండటం, ఆశపడటం, బిడ్డ కోసం ఎదురుచూడటం, అన్నిటికీ ఆ మాటే. దాన్ని నేనూ కదిలించలేదు, పరిశీలకురాలూ కదిలించలేదు.

కాగితం మారింది గానీ నర్సుల నోట ఇంకా ‘కట్టడమే’. వచ్చే నెల వాళ్ళతో ఒక గంట మాట్లాడమన్నారు. జుట్టు రింగుల సంగతితో మొదలుపెడదామనుకుంటున్నాను.